అరిగిన దిక్కు

చార్‌బౌళీల పాత ఇనుప దుకాణం.
సైకిల్ రిమ్ములు పక్కకు జరిపి
దాన్ని కాంటా మీద పెట్టిండు మొండయ్య.
"మిషన్ లెక్కయితే ఎక్కువైతది అక్కా,
ఇనుము లెక్కనే తీస్కపో."
గట్లనే తెచ్చిన.
ఆటోల నా ఒళ్లో దాని తల,
నా కాళ్ల సందున దాని కాళ్లు.

ఎవలు చేసిన్రో, ఏ ఊరు దాటి వచ్చిందో
ఎర్కలేదు.
ఒంటి నిండ నీలి రంగు పూసిన్రు ఎవలో,
కిటికీలకు పూయంగ మిగిలిన రంగయి ఉంటది.

మూడు దినాలు గాసునూనె,
పండ్ల బ్రష్షు, చినిగిన బనీను.
నీలం కింద నలుపు.
నలుపు మీద సన్నటి బంగారు తీగ, ఒక ఆకు, ఒక రెక్క.
రెక్క పిట్టదో, సింహానిదో తేలకముందే
గీత తెగిపోయింది.
పేరు బిళ్ల ఉండాల్సిన కాడ రెండు తొర్రలు,
పటం తీసినంక గోడకు మిగిలిన మేకుల జాగ లెక్క.

కుడి మూలకు నంబరు.
వేలు పెడితే ఉన్నది, కన్ను పెడితే లేదు.
మా అన్న బిడ్డ నిహారిక తెల్ల కాయితం పరిచి
రూపాయి బిళ్ల మీద గీసినట్టు పెన్సిల్ గీసింది.
ఒక ఇంగ్లీషు అచ్చరం, నాలుగు, సున్న,
తర్వాతది మూడో ఎనిమిదో.
"మూడైతే ఒక కాలం అత్తా, ఎనిమిదైతే ఇంకో కాలం."
ఒక్క గీత అరిగితే
గన్ని ఏండ్లు అటిటు అయితయా!

కింది రేకు జరిపి చూస్తే
గుండ్రటి బాబిన్ కాదు,
పొడుగుది, రెండు కొసలు సన్నగ, పడవ తీరు.
చిన్నపిల్ల లెక్క నవ్విన.
నాడె!
కొత్తవాడల మా నాయిన జంపఖానా మగ్గం మీద
పొద్దంత ఉరికిన నాడెకు
ఒక పిల్ల పుట్టి, తప్పిపోయి,
గీ ఇనుప కడుపుల దాసుకున్నట్టున్నది.

మండిబజార్ల సర్వర్ మియా
నంబరు కాయితం వైపు చూడనే లేదు.
చక్రం తిప్పి, చెవి ఆనిచ్చి,
చాయ్ చల్లారేదాక గమ్మున ఉన్నడు.
"తల ఒకటి, కాళ్లొకటి అమ్మా, అతుకులేసిన్రు.
తల ఏడ పుట్టిందో నాకు తెల్వది.
కాళ్లయితే ఈడనే నడిచినయి."
వంగి, తొక్కుడు పలక చూపెట్టిండు.

ఇనుప పూల అల్లిక.
కుడి దిక్కు పూలు నిన్న పోత పోసినట్టు మొనలతోటి ఉన్నయి.
ఎడమ దిక్కు పూలు
వాడిన సబ్బు బిళ్ల లెక్క నున్నగ.
"ఒంటి కాలుతోటి తొక్కిన్రు.
ఒకటి రెండేండ్లు కాదు."

కుడి కాలు లేదో,
కుడి కాలి బొటనవేలుకు ఊయల తాడు కట్టి ఉండెనో.
సర్వర్ మియా భుజాలెగరేసిండు.
సొరుగు గుంజితే
గోరంత సుద్ద ముక్క, ఖాకీ అంగీ గుండీ ఒక్కటి.
ఏ మిల్లు కూలిదో, ఏ బస్సు కండక్టరుదో,
గుండీ నోరు మెదపదు.

రాత్రి దీపం దగ్గర పెట్టుకొని కూసున్న.
రెండు కాళ్లు పెట్టి తొక్కితే
వెనక్కు తిరిగింది, దారం పుటుక్కుమన్నది.
మల్ల పెట్టిన. మల్ల తెగింది.
కుడి కాలు తీసి నేల మీద పెట్టిన.
ఎడమ పాదం
ఆ నునుపుల తనంతట తనే ఒదిగింది.
కుట్టు పడ్డది. వంకరే, కని పడ్డది.

నిహారిక నోటుబుక్కుల రాసిపెట్టింది:
కంపెనీ, ఖాళీ.
సంవత్సరం, మూడు లేదా ఎనిమిది.
బడి సర్టిఫికెట్ల పుట్టుమచ్చలు రాసే తీరుగ
కింద ఇంకో వరుస గీసి నా మొఖం చూసింది.
"ఎడమ కాలు," అన్న. "గదే రాయి."

తోలు బెల్టు సాగింది.
రేపు ఒక ఇంచు కోయాలె.